పుస్తెలమ్మి పులస కొనాలా?

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అని గోదావరి జిల్లాల్లో ఒక సామెత ఉంది. వానాకాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీది వచ్చే ఆ చేప కోసం కిలోకు వేల రూపాయలు పెట్టేవాళ్లున్నారు. అదే జాతి చేపను ఇక్కడ బెంగాల్లో ఇలిష్ అంటారు. కలకత్తాలో ఇలిష్ తినే చేప మాత్రమే కాదు, ఒక ఫుట్‌బాల్ జట్టుకు గుర్తు కూడా. డెర్బీలో ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ జట్టు అభిమానుల ఇళ్లలో ఇలిష్ వండుతారు. మోహన్ బాగాన్ గెలిస్తే అవతలి ఇళ్లలో రొయ్యలు. మ్యాచ్ రోజు మన న్యూ టౌన్ నుంచి సాల్ట్ లేక్ స్టేడియం వైపు వెళ్లే బస్సుల్లో ఎరుపు-పసుపు జెండాలు, ఆకుపచ్చ-మెరూన్ జెండాలు కలిసే కనిపిస్తాయి.

2024 ఆగస్టులో ఈస్ట్ బెంగాల్ ఆ సామెతను దాదాపు అక్షరాలా పాటించింది. వరుసగా నాలుగేళ్లు పట్టికలో అడుగున ఉన్న జట్టు, మోహన్ బాగాన్‌లో ఆడుతున్న అన్వర్ అలీ అనే డిఫెండర్‌ను ఐదేళ్ల ఒప్పందంపై తెచ్చుకుంది. దాని మీద మొదలైన గొడవ ఫుట్‌బాల్ సమాఖ్య దాటి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అప్పటి నుంచి కలకత్తాలో, మన తరగతి గదుల్లో కూడా, ఒక ప్రశ్న నడుస్తూనే ఉంది. మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటున్న జట్టు ఒక్క డిఫెండర్ కోసం అంత ఖర్చు పెట్టవచ్చా?

నా అభిప్రాయం మొదటే చెబుతాను. కొనవచ్చు. కానీ పులస కొన్నట్టు కొనకూడదు. పులస ఆ పూట భోజనంతో అయిపోతుంది. డిఫెండర్‌ను కొనడం కొబ్బరి మొక్క నాటడం లాంటిది. ఈ ఏడు నాటి ఈ ఏడే కాయలు లెక్కపెట్టేవాడు ఆ మొక్కకు డబ్బు పెట్టకపోవడమే మంచిది.

ఫుట్‌బాల్ అంతగా చూడని మిత్రుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఈస్ట్ బెంగాల్ క్లబ్ 1920 ఆగస్టు 1న పుట్టింది. 1949 నుంచి 1953 వరకు ఆ జట్టు ముందు వరుసలో ఆడిన ఐదుగురిని ఇక్కడివాళ్లు "పంచ పాండవులు" అనేవారు. అహ్మద్ ఖాన్, సాలే, అప్పారావు, ధన్‌రాజ్, వెంకటేశ్ అని వాళ్ల పేర్లు. ఐదుగురూ దక్షిణాది నుంచి వచ్చినవాళ్లే. ఈ క్లబ్ జాతీయ లీగును మూడుసార్లు గెలిచింది. 2003లో జకార్తా వెళ్లి ఆసియాన్ క్లబ్ కప్పు కూడా తెచ్చింది. మూడో జాతీయ లీగు 2003-04లో వచ్చింది.

2020లో ఇండియన్ సూపర్ లీగులో చేరాక కథ మారిపోయింది. 2020-21లో తొమ్మిదో స్థానం. 2021-22లో పదకొండు జట్లలో పదకొండో స్థానం. 2022-23లో తొమ్మిది, 2023-24లో మళ్లీ తొమ్మిది. మధ్యలో ఒక్క వెలుగు 2024 జనవరిలో కనిపించింది. కోచ్ కార్లెస్ క్వాద్రాత్ ఆధ్వర్యంలో భువనేశ్వర్‌లో ఒడిశా జట్టును 3-2తో ఓడించి సూపర్ కప్పు గెలిచారు. పన్నెండేళ్ల తర్వాత ఆ క్లబ్‌కు వచ్చిన జాతీయ స్థాయి కప్పు అది. ఆ ఉత్సాహంతోనే ఆ ఏడాది కొత్త ఆటగాళ్లను తెచ్చారు. అంతకు ముందు సీజన్‌లో లీగులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన దిమిత్రియోస్ దియామంతాకోస్, మధ్యలో ఆడే మదీ తలాల్, జీక్సన్ సింగ్ వచ్చారు. చివరగా అన్వర్ అలీ వచ్చాడు.

అన్వర్ 2000లో పుట్టాడు. పంజాబ్ కుర్రాడు. 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్పులో భారత జట్టుకు ఆడాడు. 2019లో వైద్య పరీక్షల్లో అతనికి గుండె కండరానికి సంబంధించిన సమస్య ఉందని తేలింది. 2020లో ఫుట్‌బాల్ సమాఖ్య అతన్ని ఆట ఆపమంది. అప్పటికి అతని వయసు ఇరవై చుట్టుపక్కల. మనలో చాలామందికి అన్నయ్యల వయసు అది. అతను కోర్టుకు వెళ్లి, వైద్యుల అభిప్రాయాలు తెచ్చి, 2021లో మళ్లీ మైదానంలోకి వచ్చాడు. 2022లో భారత సీనియర్ జట్టులో చోటు సంపాదించాడు. ఢిల్లీ ఎఫ్‌సీ అనే క్లబ్ ఆటగాడిగా ఉంటూ, 2023లో నాలుగేళ్ల కాలానికి మోహన్ బాగాన్‌కు అరువు మీద వచ్చాడు. ఆ మొదటి ఏడాదే మోహన్ బాగాన్ లీగు షీల్డు గెలిచింది. రెండో ఏడాది మొదలయ్యే ముందు అతను ఆ ఒప్పందం వదులుకుని ఎదుటి జట్టులో చేరాడు.

కొనకూడదనే వాళ్ల వాదనల్లో బలం ఉంది. వాటిని తేలిగ్గా కొట్టేయలేం.

మొదటి వాదన డబ్బు గురించి. క్లబ్ దగ్గర ఉన్న సొమ్ము ఒక్కటే సంచి. అందులోంచి ఒకడికి పెద్ద వాటా ఇస్తే మిగిలిన పదిమందికి తగ్గుతుంది. చేను చుట్టూ కంచె పడిపోయి ఉన్నప్పుడు ఒక మూల మాత్రం ఇనుప స్తంభం పాతితే పశువులు ఆగుతాయా? ఆ స్తంభం పక్కనుంచే లోపలికి వస్తాయి. డిఫెన్స్ కూడా అంతే. నలుగురు వరుసగా నిలబడి, వాళ్ల ముందు మధ్యవరుస ఆటగాళ్లు సాయం చేస్తేనే అది డిఫెన్స్ అవుతుంది.

రెండో వాదన ప్రేక్షకుల గురించి. జనం గోల్ చూడటానికి టికెట్టు కొంటారు. ఓడిపోతున్న జట్టుకు ముందు గోల్ కొట్టేవాడు కావాలి. వాడు స్టేడియం నింపుతాడు, నిండిన స్టేడియం డబ్బు తెస్తుంది, ఆ డబ్బుతో తర్వాత డిఫెండర్‌ను చూసుకోవచ్చు అంటారు.

మూడో వాదన కాలం గురించి. జట్టు కుదురుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా ఆ స్టార్‌కు వయసు మీద పడుతుంది, లేదా విసుగొచ్చి వెళ్లిపోతాడు. ఇల్లు పూర్తి కాకముందే ఖరీదైన తలుపు తెచ్చి గోడకు ఆనించి పెట్టినట్టు ఉంటుంది అంటారు.

ఇప్పుడు నా జవాబు. ముందు రెండో వాదన తీసుకుంటాను, ఎందుకంటే అది మనందరిలోనూ ఉంది. బడిలో హౌస్ మ్యాచ్‌లు జరిగేటప్పుడు చూడండి. జట్టు కట్టగానే అందరూ ముందు ఆడతామంటారు. మిగిలిపోయినవాణ్ని వెనక్కి పంపుతారు. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు అసెంబ్లీ దాకా వినిపిస్తుంది. నాలుగు గోల్స్ ఆపినవాడి పేరు అతని బెంచీ మీది స్నేహితుడికి తప్ప ఎవరికీ గుర్తుండదు. కలకత్తా కూడా పంచ పాండవుల పేర్లు చెప్పుకున్నంతగా వాళ్ల వెనక నిలబడి ఆడినవాళ్ల పేర్లు చెప్పుకోదు. ఈ అలవాటు వల్లే డిఫెండర్‌కు పెద్ద మొత్తం ఇస్తున్నారంటే మనకు వింతగా అనిపిస్తుంది. అదే మొత్తం స్ట్రైకర్‌కు ఇస్తే ఎవరూ ఇంత చర్చ పెట్టరు.

కానీ ఈ నగరం డిఫెండర్ల విలువ తెలియని నగరం కాదు. పంజాబ్ నుంచే వచ్చిన జర్నైల్ సింగ్ మోహన్ బాగాన్‌కు ఆడాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో అతను ఉన్నాడు. తలకు దెబ్బ తగిలి వెనక ఆడలేని స్థితిలో ముందు వరుసలో ఆడి, ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాద్ నుంచే వచ్చిన మరో డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ ఇక్కడ ఈస్ట్ బెంగాల్‌కూ ఆడాడు, మోహన్ బాగాన్‌కూ ఆడాడు. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అతనే. ఒక మంచి డిఫెండర్ కోసం రెండు క్లబ్బులూ చూపు నిలపడం ఇక్కడ కొత్త విషయం కాదు.

ఇంకో లెక్క ఉంది. దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు కానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. అన్వర్ చేరిన సీజన్‌లో మన లీగు నిబంధన ప్రకారం ఒక జట్టు ఆరుగురు విదేశీ ఆటగాళ్లను పెట్టుకోవచ్చు. కానీ ఒకేసారి మైదానంలో నలుగురు మాత్రమే ఉండాలి. అంటే పదకొండు మందిలో కనీసం ఏడుగురు భారతీయులు. ఆ నలుగురు విదేశీయుల్లో ఒకరిద్దరిని గోల్ కొట్టడానికి, ఒకరిని మధ్యలో ఆట నడపడానికి, ఒకరిని వెనక నడుమ నిలబడటానికి వాడటం చాలా జట్లకు అలవాటు. వెనక నడుమ నిలబడే చోటులో గట్టి భారతీయుడు ఒకడు దొరికాడనుకోండి. అప్పుడు ఒక విదేశీ స్థానం ఖాళీ అవుతుంది. దాన్ని ఇంకో చోట వాడుకోవచ్చు. కాబట్టి అన్వర్ లాంటివాడి మీద పెట్టే డబ్బు ఒక్క మనిషి మీద పెట్టేది కాదు. అతని జీతంలో సగం అతని ఆటకు, మిగతా సగం అతని వల్ల మిగిలే స్థానానికి అనుకోవచ్చు. అలాంటి భారతీయ డిఫెండర్లు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. పులసకు ధర ఎందుకు వస్తుందో వాళ్లకూ అందుకే వస్తుంది.

ఇక మూడో వాదన, కాలం గురించి. ఇది ముప్ఫై రెండేళ్ల ఆటగాడి విషయంలో నిజం. అన్వర్ ఈస్ట్ బెంగాల్‌లో చేరినప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. ఐదేళ్ల ఒప్పందం అంటే ఇరవై తొమ్మిది దాకా. పరుగు మీద బతికే ఫార్వర్డ్‌కు ఆ వయసులో వేగం తగ్గడం మొదలవుతుంది. ఆటను ముందే చదివి సరైన చోట నిలబడే డిఫెండర్ చాలాసార్లు ఆ వయసులోనే బాగా పండుతాడు. మళ్లీ కట్టుకుంటున్న జట్టుకు ఇప్పటి పట్టిక ముఖ్యం కాదు, మూడేళ్ల తర్వాతి పట్టిక ముఖ్యం. అలాంటప్పుడు మూడేళ్ల తర్వాత ఇంకా మెరుగ్గా ఉండే మనిషి మీదే డబ్బు పెట్టాలి.

డబ్బు గురించిన మొదటి వాదనకు జవాబు మన హైదరాబాద్ చెబుతుంది. అది కొంచెం బాధ కలిగించే జవాబు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో లీగులోకి వచ్చిన మొదటి ఏడాదే పది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. తర్వాత కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. పెద్ద పేర్ల వెంట పడకుండా కుర్రాళ్లను నమ్ముకున్నాడు. డిఫెన్స్‌లో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి యువకులు, చింగ్లెన్‌సనా సింగ్ కుదురుగా ఆడారు. 2020-21లో ఐదో స్థానం వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో సమమైతే, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ లీగు కప్పు గెలిచింది. అట్టడుగు నుంచి కప్పు దాకా రెండే సీజన్లు. పెద్ద ధర పెట్టకుండానే జట్టు కట్టవచ్చు అనేవాళ్లు ఈ ఉదాహరణే చూపిస్తారు.

కానీ కథ అక్కడితో ఆగలేదు. ఆశిష్ రాయ్ 2022లో కలకత్తా వచ్చి మోహన్ బాగాన్‌లో చేరాడు. ఆకాశ్ మిశ్రా 2023లో ముంబై వెళ్లాడు. చింగ్లెన్‌సనా తర్వాత బెంగళూరు వెళ్లాడు. క్లబ్ డబ్బు ఇబ్బందుల్లో పడింది, జీతాలు ఆగాయి. 2023-24లో ఇరవై రెండు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి ఎనిమిది పాయింట్లతో మళ్లీ అట్టడుగుకు చేరింది. 2025లో ఆ జట్టు హైదరాబాద్ వదిలి ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. మొక్క పెంచడం వాళ్లకు బాగా వచ్చు. చెట్టైన తర్వాత దాన్ని నిలుపుకోవడానికి చేతిలో డబ్బు లేదు. పొరుగువాళ్లు వచ్చి ఒక్కొక్క చెట్టూ వేళ్లతో సహా తీసుకుపోయారు.

దీన్నిబట్టి నాకు తెలిసింది ఒకటే. డిఫెండర్‌కు ధర ఎప్పుడో ఒకప్పుడు కట్టక తప్పదు. పెంచుకుంటే, పెరిగాక నిలుపుకోవడానికి కట్టాలి. పెంచుకోకపోతే, కొనేటప్పుడు కట్టాలి. రెండూ కట్టనన్న జట్టు రెండు మూడేళ్లు మెరిసి మళ్లీ మొదటికి వస్తుంది. ఈస్ట్ బెంగాల్ ఆ నాలుగేళ్లలో పెంచుకోలేదు కాబట్టి కొనాల్సి వచ్చింది.

బయటి దేశాల అనుభవం కూడా చూద్దాం. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ క్లబ్ 2018 జనవరిలో వర్జిల్ వాన్ డైక్ అనే డిఫెండర్‌ను ఏడున్నర కోట్ల పౌండ్లకు కొన్నది. మన లెక్కలో ఆరు వందల కోట్ల రూపాయలకు పైనే. అప్పటికి ప్రపంచంలో ఏ డిఫెండర్‌కూ అంత ధర పలకలేదు. 2019లో లివర్‌పూల్ యూరప్ ఛాంపియన్ అయింది. 2020లో ముప్ఫై ఏళ్ల తర్వాత దేశ లీగు గెలిచింది. 2019 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ ఇంకా ఎక్కువ పెట్టి, ఎనిమిది కోట్ల పౌండ్లకు, హ్యారీ మాగ్వైర్‌ను కొన్నది. మొదటి రెండేళ్లు మూడు, రెండు స్థానాల్లో నిలిచి, మూడో ఏడాది ఆరుకు జారింది. ఎగతాళి అంతా మాగ్వైర్ మీదే పడింది.

రెండు క్లబ్బులూ ఒకే రకం పని చేశాయి. ఫలితాలు ఎందుకు వేరయ్యాయి? లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లోప్ 2015లోనే వచ్చాడు. వాన్ డైక్ వచ్చేనాటికి ఎలా ఆడాలో ఆ జట్టుకు తెలుసు. ఏ చోటు ఖాళీగా ఉందో తెలిసి ఆ చోటుకు సరిపడే మనిషిని తెచ్చారు. అదే ఏడాది వేసవిలో అలిసన్ అనే గోల్‌కీపర్‌ను కూడా తెచ్చి పని పూర్తి చేశారు. మాంచెస్టర్‌లో 2021లో కోచ్ మారాడు, 2022లో ఇంకొకరు వచ్చారు. ఒక్కొక్క కోచ్‌దీ ఒక్కో పద్ధతి. కంచె మొత్తం కట్టే ఆలోచన ఉంటే ఇనుప స్తంభం విలువ కనిపిస్తుంది. లేకపోతే ఆ స్తంభం ఒక్కటే ఎండకు తుప్పు పడుతుంది.

ఇప్పుడు నా వాదనకు అందరికంటే ఇబ్బంది కలిగించే సంగతి దగ్గరికి వస్తాను. అన్వర్ వచ్చిన 2024-25 సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ మొదటి ఆరు లీగు మ్యాచ్‌లూ ఓడిపోయింది. మూడో ఓటమి తర్వాత కోచ్ క్వాద్రాత్ రాజీనామా చేశాడు. ఆ తర్వాత ఆస్కార్ బ్రుజోన్ వచ్చాడు. మొదటి గెలుపు నవంబర్ 29న నార్త్ఈస్ట్ యునైటెడ్ మీద వచ్చింది. సీజన్ ముగిసేసరికి స్థానం ఎంత? మళ్లీ తొమ్మిదే. అదే ఏడాది అన్వర్ వదిలి వెళ్లిన మోహన్ బాగాన్ షీల్డు, కప్పు రెండూ గెలిచింది. "చూశావా, ఇలిష్ కొన్నవాడికి ముల్లు, అమ్మినవాడికి పండగ" అని మోహన్ బాగాన్ అభిమానులైన నా స్నేహితులు ఇప్పటికీ ఏడిపిస్తారు.

దీనికి నేను సాకులు చెప్పను. తొమ్మిది అంటే తొమ్మిదే. కానీ ఈ అంకె దేనికి సాక్ష్యం? ఒక డిఫెండర్ వస్తే డిఫెన్స్ వచ్చినట్టు కాదు అనడానికి సాక్ష్యం. సీజన్ మొదటి నెలలోనే కోచ్ మారితే ఏ జట్టైనా తడబడుతుంది అనడానికి సాక్ష్యం. డిసెంబరులో మదీ తలాల్ మోకాలి గాయంతో సీజన్ మొత్తానికి దూరమైతే ఎదురయ్యే లోటుకు సాక్ష్యం. ఇరవై నాలుగేళ్ల డిఫెండర్‌ను ఐదేళ్లకు తీసుకోవడం తప్పు అనడానికి మాత్రం మొదటి ఏడాది పట్టిక సాక్ష్యం కాదు. నాటిన ఏడాదే కొబ్బరి చెట్టు కాయలేదని నరికేసేవాణ్ని రైతు అనం కదా. మోహన్ బాగాన్ గెలుపు కూడా నాకు ఇంకో పాఠంలా కనిపిస్తుంది. కంచె మొత్తం గట్టిగా ఉన్న జట్టు ఒక స్తంభం పోయినా నిలబడింది. అక్కడికి చేరడమే ఈస్ట్ బెంగాల్ లక్ష్యం కావాలి.

ఈస్ట్ బెంగాల్ నిజంగా పొరబడింది ఇంకో చోట, కొన్న పద్ధతిలో.

మోహన్ బాగాన్‌తో ఉన్న నాలుగేళ్ల ఒప్పందాన్ని సరైన కారణం లేకుండా మధ్యలో తెంచారని సమాఖ్యలోని ఆటగాళ్ల కమిటీ 2024 సెప్టెంబర్ 10న తీర్పు ఇచ్చింది. అన్వర్‌ను నాలుగు నెలలు ఆడకూడదంది. ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్‌సీ రెండు బదిలీ కాలాల పాటు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకూడదంది. ముగ్గురూ కలిసి మోహన్ బాగాన్‌కు 12.90 కోట్ల రూపాయలు పరిహారం కట్టాలంది. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కొద్ది రోజుల్లోనే ఆ తీర్పు వెనక్కి పోయి, మళ్లీ విచారణ జరపాలని నిర్ణయమైంది. అన్వర్ ఆడటం మొదలుపెట్టాడు.

న్యాయం ఎటువైపు ఉందో చెప్పే పని కోర్టుది, నాది కాదు. అన్వర్ వైపువారి మాటలో కూడా ఆలోచించాల్సింది ఉంది. ఒక ఆటగాణ్ని ఏడాదికి మించి అరువు ఇవ్వకూడదని ఫిఫా 2022లో నియమం పెట్టింది. అయితే దేశాల లోపల జరిగే అరువులకు దాన్ని అమలు చేయడానికి ఆయా సమాఖ్యలకు మూడేళ్ల గడువు ఇచ్చింది. నాలుగేళ్ల అరువు అనే మాటలోనే ఏదో మెలిక ఉందని మనకూ అనిపిస్తుంది. పైగా ఇరవై ఏళ్లకే "ఇక ఆడొద్దు" అని విన్న కుర్రాడు, ఐదేళ్ల భద్రత కనిపించినప్పుడు చేయి చాపితే అతనికి విశ్వాసం గురించి నీతులు చెప్పడం మనకు సులువు. అతని గుండె మీద నమ్మకం లేదన్న రోజున ఏ జెండా పట్టుకున్న అభిమానీ అతని ఇంటి ఖర్చులు భరించలేదు.

క్లబ్ సంగతి వేరు. దానికి వందేళ్ల అనుభవం ఉంది, న్యాయవాదులు ఉన్నారు, ఆగడానికి సమయం ఉంది. వాన్ డైక్ విషయంలో లివర్‌పూల్ ఏం చేసిందో చూడండి. 2017 జూన్‌లో అనుమతి లేకుండా అతన్ని సంప్రదించారని అతని క్లబ్ సౌతాంప్టన్ ఫిర్యాదు చేసింది. లివర్‌పూల్ బహిరంగంగా క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. ఆ సీజన్ మొదటి సగం అతను లేకుండానే ఆడింది. ఆరు నెలల తర్వాత అడిగిన ధర కట్టి, దారిన తెచ్చుకుంది. ఆ ఆరు నెలలు ఆగడం వల్ల వాళ్లు పోగొట్టుకున్నదేమీ లేదు.

మళ్లీ కట్టుకుంటున్న జట్టుకు అన్నిటికంటే అవసరమైనది నిలకడ. రేపు ఎవరు ఆడతారో, వచ్చే బదిలీ కాలంలో ఎవరిని తేగలమో కోచ్‌కు తెలియాలి. సీజన్ మొదలయ్యే వారంలో తమ ముఖ్య డిఫెండర్ నాలుగు నెలలు ఉంటాడో లేడో తెలియని స్థితి ఏ జట్టుకూ మంచిది కాదు. ఇల్లు కొనేవాడు ఎంత ధరైనా పెట్టవచ్చు, దస్తావేజులు మాత్రం సరిగా చూసుకోవాలి. లేకపోతే ఇల్లు ఎంత బాగున్నా రాత్రి నిద్ర పట్టదు.

అందుకని నా మాట ఇది. కట్టుకుంటున్న జట్టు మంచి డిఫెండర్‌కు పెద్ద ధర పెట్టవచ్చు, పెట్టాలి కూడా. అయితే అతని వయసు జట్టు కుదురుకునే కాలానికి సరిపోవాలి. ఒప్పందంలో మెలిక ఉండకూడదు. అతని చుట్టూ మిగిలిన కంచె కట్టడానికి కోచ్‌కు సమయం ఇవ్వాలి. ముఖ్యంగా, ఆ ధరను కుర్రాళ్ల శిక్షణకు పెట్టాల్సిన డబ్బులోంచి తీయకూడదు. ఆ డబ్బు తీసిన జట్టు ఇవాళ ఒక అన్వర్‌ను కొంటుంది, ఐదేళ్ల తర్వాత మళ్లీ ఇంకో అన్వర్ కోసం బజారుకు వెళ్తుంది.

మన న్యూ టౌన్‌లోనే జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షణ కేంద్రం ఉంది. మన బడిలో కూడా రోజూ సాయంత్రం బంతి వెంట పరుగెత్తే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా "నేను వెనక ఆడతాను" అని తనంతట తాను అంటే, మిగిలినవాళ్లు జాలిగా చూడకూడదు. ఆ చోటు మిగిలిపోయినవాడిది కాదు. కోట్లు పెట్టి వెతికినా సులువుగా దొరకని చోటు అది. ఈస్ట్ బెంగాల్ 2024లో కట్టిన ధర మనకు చెప్పేది కనీసం అంతైనా ఉంది.